పేరుతో ప్రాసెస్ ఆపే ముందు ఇది చూడండి: పీగ్రెప్, పీకిల్

మా పాలకుర్తి జనగామ జిల్లాలో ఉంది. పెద్దపల్లి జిల్లాలో ఇంకో పాలకుర్తి మండలం ఉంది. పార్సిల్ మీద ఒట్టి 'పాలకుర్తి' అని రాస్తే ఎటు పోతుందో చెప్పలేం. ప్రాసెస్‌ని పేరుతో ఆపడం కూడా అంతే.

నడుస్తున్న ప్రోగ్రామ్‌నే ప్రాసెస్ అంటాం. ప్రతిదానికీ ఒక నంబర్ ఉంటుంది, అదే పీఐడీ. పేరు చెప్తే ఆ నంబర్ వెతికిచ్చేది పీగ్రెప్. పేరుతోనే ఆపేది పీకిల్. 1998లో సొలారిస్ 7లో వచ్చిన ఈ జంట ఇప్పుడు లినక్స్‌లోనూ ఉంది. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ఫోన్‌లో టెర్మక్స్ చాలు. కాకపోతే కొత్త ఆండ్రాయిడ్‌లలో టెర్మక్స్ లోపల నడిచేవే కనిపిస్తాయి. అక్కడి నుంచి వాట్సాప్‌ని ఆపలేరు.

ఇప్పుడు అసలు సంగతి. మీ దగ్గర రెండు పైథాన్ స్క్రిప్టులు నడుస్తున్నాయి అనుకుందాం. ఒకటి హ్యాంగ్ అయిన బాట్, రెండోది రాత్రంతా నడిచి ప్రాజెక్ట్ డేటా దించుతున్నది. బాట్‌ని ఆపుదామని 'పీకిల్ పైథాన్' కొట్టారా, రెండూ పోతాయి! ఎందుకంటే రెండింటి ప్రాసెస్ పేరూ పైథానే. పేరులో ఆ ముక్క ఎక్కడున్నా పీకిల్ పట్టేస్తుంది. మైనస్ ఎక్స్ పెడితే పూర్తి పేరు కలిసినవే పడతాయి, కానీ ఇక్కడ పేరే ఒకటి కాబట్టి అదీ పనికిరాదు.

మైనస్ ఎఫ్ పెడితే మొత్తం కమాండ్ లైన్‌లో వెతుకుతుంది, స్క్రిప్ట్ పేరు దొరుకుతుంది. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. అదే స్క్రిప్ట్‌ని ఇంకో విండోలో ఎడిటర్‌లో తెరిచి పెట్టుంటే, దాని కమాండ్‌లోనూ ఆ పేరుంటుంది కదా. అదీ మూతపడుతుంది.

అందుకే ముందు 'పీగ్రెప్ మైనస్ ఏఎఫ్ బాట్' కొట్టండి. నంబర్లతో పాటు పూర్తి కమాండ్లు కనిపిస్తాయి. మీకు కావాల్సినదాని నంబర్ చూసుకొని, వెంటనే కిల్ పక్కన ఆ నంబర్ ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు, ప్రాసెస్ అయిపోయాక అదే నంబర్ తర్వాత ఇంకోదానికి రావచ్చు.

ఇంకోటి, చాలామంది మొదటే మైనస్ 9 కొడతారు. మామూలు కిల్ పంపేది 15వ సిగ్నల్. అంటే 'పని సర్దుకొని బయల్దేరు' అని చెప్పినట్టు. 9 అయితే సర్దుకునే టైమే ఉండదు, సగం రాసిన ఫైల్ సగంలోనే ఆగిపోవచ్చు. 15కి కదలకపోతేనే 9 వాడండి.

ప్రాక్టీస్‌కి 'స్లీప్ 500' చివర యాంపర్‌సాండ్ పెట్టి రెండుసార్లు నడపండి. తర్వాత 'పీకిల్ మైనస్ ఎన్ స్లీప్' కొట్టండి, చివరగా మొదలైనది మాత్రమే ఆగుతుంది. పీగ్రెప్‌తో చెక్ చేస్తే ఒక్క నంబరే మిగులుతుంది. దీనితో చేయి తిరిగాకే అసలు పని ముట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!