తకువాపా తాలూకా – తక్కోలనామ విచారము

థాయిదేశపు దక్షిణభాగమున, అందమాను సముద్రతీరమున, ఫంగా జిల్లాలో తకువాపా యను తాలూకా కలదు. ఇది 1932 వఱకుఁ బ్రత్యేకమైన జిల్లాగా నుండి, ఆ యేఁట ఫంగాలోఁ గలుపఁబడినది. థాయిభాషలో 'తకువా' యనఁగా సీసము, 'పా' యనఁగా నడవి. ఇచ్చటి సంపదమాత్రము సీసము గాదు, తగరము. ఆ గనులకై వచ్చిన చీనావారి యిండ్లవరుసలు పాతపట్టణమున నేఁటికిని నిలిచియున్నవి.

మన కోశములలోఁ దక్కోలము పరిమళద్రవ్యవిశేషము. ఆ పేరుగల రేవొకటి పూర్వగ్రంథములలోఁ గానవచ్చుచున్నది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ సువర్ణద్వీపకల్పమందు 'తకోల' యను వర్తకస్థానమును జెప్పెను. పాలిభాషయందలి మిలిందపఞ్హములోని రేవులపట్టికలోను దక్కోలము కలదు. రాజేంద్రచోళుని 1025 నాఁటి నౌకాదండయాత్రను దెలుపు తంజావూరు శాసనమున 'తలైత్తక్కోలము' పేర్కొనఁబడినది. (949లో యుద్ధము జరిగిన తక్కోలము వేఱు, అది ఆర్కాటుసీమలోని యూరు.) ఈ తకోలయే తకువాపా యని పెక్కండ్రు వ్రాసిరి. కొందఱు త్రంగు ప్రాంతమునఁ జూపుదురు. నామసాదృశ్యము తక్క తకువాపా పక్షమున నేమున్నదో చూడవలసియున్నది.

దృఢమైన సాక్ష్యము శాసనము. తకువాపా నది యెగువభాగమున ఖావ్ ఫ్రా నరాయ్, అనఁగా నారాయణుని కొండ, కలదు. అది నేఁడు ప్రక్కనున్న కపోంగు తాలూకాలోనిది, నదిమాత్ర మొక్కటియే. అచ్చటి విష్ణువిగ్రహము, దాని పరివారమూర్తులు చిరకాలము చెట్టువేళ్లలోఁ జిక్కి యుండినవి. ఇప్పుడవి ఫుకెట్ దీవిలోని థలాంగు వస్తుప్రదర్శనశాలలో నున్నవి. అచ్చట దొరకిన తమిళశాసనము 'అవనినారణ' మను చెఱువునుగూర్చి చెప్పి, దానిని మణిగ్రామము మున్నగువారి రక్షణలో నుంచుచున్నది. మణిగ్రామము వర్తకశ్రేణి, అవనినారణుఁ డనునది తొమ్మిదవ శతాబ్దపు పల్లవరాజగు మూఁడవ నందివర్మ బిరుదు. దీనింబట్టి పల్లవు లీసీమ నేలిరనుట తొందరపాటు. రాజుబిరుదముతోఁ జెఱువునకుఁ బేరిడుట వర్తకులకును జెల్లును. ఐనను జెఱువు త్రవ్వినవారు గాలి మాఱుటకై రెండు నెలలాగి పోయెడు బేరగాండ్రు గారు, కాపురముండినవారే.

నదీముఖమున ఖో ఖో ఖావ్ దీవి కలదు. అందలి తుంగ్ తుక్, అనఁగాఁ గట్టడముల బయలు, నందు ఇటుకపునాదులు, తాంగు వంశకాలపు చీనా పాత్రలు, పశ్చిమాసియా గాజుపెంకులు దొరకినవి. ఆ తీరమందే యున్న బాన్ నామ్ ఖెమ్ అను జాలరిపల్లెను 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ నాశముచేసినది. ఈ రేవునుండి నదివెంబడిఁ గొండలు దాఁటి తూర్పున బాన్ దొన్ అఖాతమునకు మార్గ ముండెనని క్వారిచ్ వేల్సు 1934లో నచ్చట సంచరించి వాదించెను. త్రోవ యసాధ్యము గాదు. బరువైన సరకు లాత్రోవనే పోయెననుటకు మాత్ర మది చాలదు.

తుంగ్ తుక్ వస్తువులు ముఖ్యముగాఁ దొమ్మిదవ శతాబ్దపువి. టాలెమీకిని వానికిని నడుమ నేడువందల యేండ్లున్నవి. అంతకుఁ బూర్వపు దక్షిణదేశసంబంధమునకు సాక్ష్యము క్రాబీ జిల్లాయందలి ఖ్లోంగ్ థోమ్‌లో దొరకినది: పూసలు, తమిళబ్రాహ్మీలిపి గల యొక గీటుఱాయి. కావున టాలెమీ చెప్పిన తకోల తకువాపాయే యనుట యింకను ఋజువు గాలేదు. రాజేంద్రుని తలైత్తక్కోలమునకైనచోఁ గాలము కొంత యనుకూలించుచున్నది.