లోడు వెనకే.. మరి బ్రేకు?

దేవరకొండ బత్తాయి, మిర్యాలగూడ వడ్లు, అచ్చంపేట పల్లికాయ.. ఏదైనా సరే, ఊరు దాటి మార్కెట్‌కి చేరాలంటే పికప్ బండి ఉండాల్సిందే. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదేళ్లు దాటినా పరుగు ఆపని పికప్‌లు బోలెడు. ఓనర్లు ఇంజిన్ ఆయిల్ టైముకి మారుస్తారు, టైర్లు చూసుకుంటారు. వెనక డ్రమ్ బ్రేకుల్ని మాత్రం కీచుమనేదాకా విప్పరు.

ఈ బళ్లలో చాలావాటికి ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉంటాయి. ఖాళీ బండిని ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకులదే. లోడు పడితే లెక్క మారుతుంది. బరువు వెనక ఇరుసు మీదికొస్తుంది కాబట్టి వెనక బ్రేకు గట్టిగా పట్టాలి. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా కాలికే తెలుస్తుంది. వేడికి డ్రమ్ము సాగుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి పోతుంది.

డిస్క్ వేయిస్తే పోలా?

తొందరపడొద్దు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, అక్కడ చిక్కొస్తుంది. పైగా హ్యాండ్ బ్రేకుకి వేరే ఏర్పాటు చూసుకోవాలి. అంతకన్నా ఉన్న డ్రమ్మునే కొత్తదానిలా చేయించుకోవడం మేలు.

ఇవి చేయించండి

* లైనర్లు, స్ప్రింగులు రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. లేదంటే బండి ఒక పక్కకి లాగుతుంది.
* ఆయిల్ సీలు కారి లైనర్ తడిస్తే తుడిచి మళ్లీ బిగించొద్దు. సీలు, లైనర్ రెండూ మార్చాల్సిందే.
* డ్రమ్ముకి గీతలు పడితే లేత్ పట్టించొచ్చు. కానీ ఎంతవరకు అరగొచ్చో చాలా డ్రమ్ముల మీదే రాసి ఉంటుంది. అది దాటితే కొత్తదే.
* వీల్ సిలిండర్ రబ్బర్లు చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాత ఆయిల్ వేడికి బుడగలొచ్చి పెడల్ మెత్తబడుతుంది. మార్చి, ఎయిర్ తీయించండి.
* డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడవాలి.

కమాన్ పట్టీలు ఎక్కించారా?

చాలామందికి తెలియని మెలిక ఇక్కడే ఉంది. చాలా పికప్‌లలో లోడును బట్టి వెనక బ్రేకుకి ప్రెషర్ పంచే వాల్వు ఉంటుంది. బాడీ ఎంత కిందికి దిగిందో చూసి అది బరువును అంచనా వేస్తుంది. లోడు ఆగాలని అదనపు పట్టీలు వేస్తే బాడీ దిగదు. లోపల టన్నున్నర ఉన్నా వాల్వుకి అది ఖాళీ బండే! వెనక బ్రేకుకి ప్రెషర్ తగ్గిపోతుంది. కాబట్టి అదనపు పట్టీలు తీసేయించి, వాల్వు రాడ్డు సెట్టింగ్ చూపించండి.

కొత్త లైనర్లు డ్రమ్ముకి ఒరుసుకుని కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా ఫుల్ లోడూ వద్దు, ఘాట్ రోడ్డూ వద్దు. పత్తి సీజన్‌లో కూలీలను ఇదే బండి వెనక ఎక్కించే అలవాటు మన దగ్గర ఉంది. చట్టం వద్దంటున్నా అది ఆగడం లేదు. వెనక బ్రేకు పట్టకపోతే పోయేది సరుకొక్కటే కాదు.