ఓడ ఎక్కే ముందు ఫోను నంబరును, బ్యాంకు ఖాతాను భద్రపరచుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల నుండి, ఎల్లకు ఆవల ఒడిశాలోని గంజాం తీరం నుండి ఎందరో యువకులు వాణిజ్య నౌకలలో కొలువులకు వెళుతున్నారు. ఒక్కో ఒప్పందం సాధారణంగా ఆరు నుండి తొమ్మిది నెలలు ఉంటుంది. అంతకాలమూ ఇంటి ఖర్చు, పిల్లల చదువు, అప్పుల వాయిదాలు, పెద్దల వైద్యం అన్నీ ఆ జీతం మీదనే ఆధారపడి ఉంటాయి. ఒకనాడు పాస్‌బుక్కు, సంతకం ఉంటే సొమ్ము చేతికి అందేది. నేడు చాలా లావాదేవీలకు ఫోను నంబరుకు వచ్చే ఓటీపీయే తాళంచెవి. ఆ నంబరు మూగబోతే ఖాతాలో సొమ్ము ఉండి కూడా అక్కరకు రాదు. కనుక నౌక ఎక్కే ముందే చక్కబెట్టుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

నంబరు ఎప్పుడు రద్దవుతుంది?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో చేసిన నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులపాటు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దానిని రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు లేదా అంతకు మించి నిల్వ ఉంటే మాత్రం 20 రూపాయలు తగ్గించుకొని మరి 30 రోజులు నంబరును నిలిపి ఉంచాలి. నిల్వ ఉన్నంతకాలం ఇదే పద్ధతి కొనసాగుతుంది. తొమ్మిది నెలలంటే దాదాపు 270 రోజులు. మొదటి 90 రోజులు పోగా మిగిలిన 180 రోజులకు ఆరు విడతలుగా 120 రూపాయలు కావాలి.

అయితే ఈ నిబంధన నంబరును ఇతరులకు పోకుండా కాపాడుతుందే తప్ప, దానికి సందేశాలు వస్తాయన్న హామీ ఇవ్వదు. ఓటీపీ రావాలంటే రీఛార్జి గడువు మిగిలి ఉండాలి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశాలను సవరించి, డేటా లేకుండా కాల్స్‌కు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్రత్యేక ఓచర్లను కంపెనీలు తప్పక అమ్మాలని, అటువంటి ఓచర్ల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చునని తెలిపింది. ఒప్పంద కాలమంతటికీ సరిపోయే గడువు గల రీఛార్జిని బయలుదేరే ముందే చేయించుకోవడం అన్నిటికంటె సులువైన మార్గం.

రద్దయిన నంబరును 90 రోజుల తరువాత కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. అప్పటికి బ్యాంకులో ఆ నంబరే నమోదై ఉంటే ఖాతాకు సంబంధించిన సందేశాలు ముక్కూమొహం తెలియని వారి చేతికి పోతాయి. నంబరు పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకు తెలియజేయడం అందుకే అవసరం.

సముద్రం మీద ఓటీపీ ఎందుకు రాదు?

తీరంలోని టవర్ల సంకేతాలు ఓడ కొంతదూరం పోగానే అందవు. నడిసముద్రంలో నౌకకు ఆధారం ఉపగ్రహ ఇంటర్నెట్టే. దాని ద్వారా ఇంటివారితో మాట్లాడవచ్చును గాని మామూలు ఎస్సెమ్మెస్ మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే రావాలి. ఓడ విదేశీ రేవు చేరినప్పుడు సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఏర్పాటు ఉంటేనే సందేశం అందుతుంది. ఈ ఏర్పాటును ఊరు విడిచే ముందే చేయించుకోవాలి. వైఫై ద్వారా కాల్స్, సందేశాలు అందే సదుపాయం విదేశాలలో పనిచేస్తుందో లేదో కూడా కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

నావికుల హక్కులకు సంబంధించిన 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికలో 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుండి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం నౌకాయజమానులు సాధ్యమైనంత మేరకు నౌకలో ఇంటర్నెట్ కల్పించాలి. రుసుము తీసుకున్నా అది సమంజసంగా ఉండాలి. కొన్ని బ్యాంకులు ఓటీపీని ఈమెయిలుకు పంపుతాయి. మరికొన్ని తమ యాప్‌లోనే తయారయ్యే ఏర్పాటు చేశాయి. ఇటువంటి వాటికి ఓడలోని ఇంటర్నెట్ చాలు.

సిమ్ ఇంట్లో ఉంచితే?

చాలా ఇళ్ళలో సిమ్‌ను భార్యకో తల్లికో అప్పగించి వెళుతుంటారు. నంబరు వాడకంలో ఉండడానికి ఇది మేలే. కాని యూపీఐ యాప్‌లు సిమ్‌తో, ఫోనుతో ముడిపడి ఉంటాయి కనుక సిమ్‌ను వేరే ఫోనులో వేస్తే మళ్ళీ నమోదు చేయవలసి రావచ్చు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. ఇతరుల పేరిట ఉన్న ఖాతా ఓటీపీని ఇంటివారు వాడడం బ్యాంకు షరతులకు విరుద్ధం. మోసగాడి ఫోను వచ్చినప్పుడు ఆ అలవాటే కొంప ముంచుతుంది.

దీనికి విరుగుడు ఇంటివారికి వారి పేరిటనే ఖాతా, వారి నంబరు మీదనే ఓటీపీ ఉండడం. పైన చెప్పిన ఒడంబడిక ప్రకారం జీతం నెలకు ఒకసారి అయినా చెల్లించాలి. నావికుడు కోరితే అందులో కొంత భాగం నేరుగా కుటుంబానికి పంపే ఏర్పాటు ఉండాలి. దీనినే అలాట్‌మెంట్ అంటారు. ఒప్పందంపై సంతకం చేసేటప్పుడే ఇంటివారి ఖాతా వివరాలు ఇస్తే నెలనెలా ఖర్చుకు ఓటీపీ కోసం ఎదురుచూసే పని ఉండదు.

విదేశీ నౌకలలో పనిచేసేవారు తెరిచే ఎన్ఆర్ఇ ఖాతాలో ఇక్కడ నివసించే దగ్గరి బంధువును ఫార్మర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో రెండవ ఖాతాదారుగా చేర్చుకోవచ్చు. అసలు ఖాతాదారు జీవించి ఉండగా ఆ బంధువు పవర్ ఆఫ్ అటార్నీ పత్రం ఉంటేనే ఖాతాను నడపగలరు. ఆ పత్రంతో స్థానిక చెల్లింపులు చేయవచ్చు. ఆసుపత్రి ఖర్చు వంటి ఆపద వేళ ఇది ఎంతో ఆసరా. కనుక పత్రాన్ని ముందే బ్యాంకులో నమోదు చేయించాలి. నామినీ పేరు కూడా చూసుకోవాలి. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది.

సరిహద్దు వాసులు గమనించవలసినది

యానాం ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో ఉంది. గంజాం ఒడిశా సర్కిల్‌లో ఉంది. ఇచ్ఛాపురంలో కొన్న నంబరు ఆంధ్ర సర్కిల్‌ది, బరంపురంలో కొన్నది ఒడిశా సర్కిల్‌ది. 2015 జూలై 3 నుండి దేశమంతటా సర్కిల్ మారినా అదే నంబరును ఉంచుకొనే వీలు కలిగింది. సిమ్ పోతే బదులు సిమ్ ఎక్కడ దొరుకుతుందో ముందే విచారించి ఉంచుకోవాలి. బదులు సిమ్ తీసుకున్నాక మొదటి 24 గంటలు సందేశాలు రావు, పోవు. మోసాల నివారణకు చేసిన ఈ కట్టడిని తెలియక కొందరు కంగారు పడుతుంటారు.

బయలుదేరడానికి వారం రోజుల ముందు ఒక పరీక్ష చేసుకోవడం ఉత్తమం. నావికుడి ఫోను కట్టివేసి, అతని సహాయం లేకుండా ఇంటివారు ఒక బిల్లు చెల్లించి, బ్యాంకుకు వెళ్ళి కొంత సొమ్ము తీసి చూడాలి. ఎక్కడ పని ఆగిపోతే అక్కడ లోటు ఉన్నట్లు. దానిని సరిచేయడానికి వ్యవధి ఉన్నది ఒడ్డున ఉన్న ఆ వారం రోజులలోనే. ఖాతాలో మోసం జరిగినట్లు అనుమానం కలిగితే ఆలస్యం చేయక బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఇంటివారే ఫిర్యాదు చేయాలి. ఓడ రేవు చేరే వరకు ఆగనవసరం లేదు.