వెనక నిలబడే వాయిద్యం

మా చేజర్లలో పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే అందరి కళ్లూ ముందు నడిచే క్లారినెట్ అతని మీదే. వెనక డ్రమ్ము ఆగితే మాత్రం ఒక్కరి అడుగూ సరిగా పడదు. ఈ సంగతి తెలిసినవాళ్లకి అమెరికాలో చార్లెస్ మింగస్ చేసిన పని ఇట్టే అర్థమవుతుంది.

ఆయన వాయించింది డబుల్ బాస్. వయొలిన్‌లాంటిదే, కాకపోతే మనిషంత ఎత్తు, మంద్రమైన నాదం. జాజ్ మేళాల్లో అది ఎప్పుడూ వెనకే. 1922లో పుట్టిన మింగస్ లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ పేటలో పెరిగాడు. బాస్‌కి ముందు చెల్లో నేర్చుకున్నాడు. శాస్త్రీయ సంగీతంలో నల్లవాడికి చోటెక్కడిదని బాస్ పట్టాడు. వెనకనుంచే మేళాన్ని నడిపాడు. చర్చి పాటలు, బ్లూస్, మెక్సికో బాణీలు, పాశ్చాత్య శాస్త్రీయం అన్నీ జాజ్‌లో కలిపేశాడు. స్వరాలు రాసివ్వడం కన్నా పాడి వినిపించి నేర్పడమే ఆయనకిష్టం, అచ్చం మన సంగీతం మాస్టార్లలాగా!

1977లో నరాల జబ్బు బయటపడింది. చేతులు స్వాధీనం తప్పితే టేపురికార్డరులోకి పాడి బాణీలు కట్టాడు. 1979 జనవరి 5న, 56 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం భార్య స్యూ చితాభస్మాన్ని మన గంగలో కలిపింది.

నా దృష్టిలో అసలు కథ ఆ తర్వాతే ఉంది. స్యూ వృత్తి పత్రికలు, సంగీతం కాదు. అయినా ఆ ఏడే ఆయన సహచరులతో బృందం కట్టింది. భర్త కాగితాల్లో దొరికిన 'ఎపిటాఫ్' అనే రెండు గంటల రచనని 1989లో న్యూయార్క్‌లో 30 మందితో వాయింపజేసింది. 1991లో 'మింగస్ బిగ్ బ్యాండ్' మొదలుపెట్టి, వారం వారం కచేరీ జరిగేట్టు చూసింది. కొట్లో ఆయన దొంగ రికార్డులు కనపడితే డబ్బివ్వకుండానే పట్టుకుపోయేది! 2011లో ఆ బ్యాండుకి గ్రామీ వచ్చింది. 2022లో, 92 ఏళ్ల వయసులో ఆవిడ వెళ్లిపోయింది.

మరి మన ఇళ్లలో? ఆయన పోగానే హార్మోనియం అటకెక్కుతుంది, ఫొటో గోడకెక్కుతుంది. "ఇక ఇవన్నీ నీకెందుకమ్మా?" అని కొడుకులే అంటారు. ఆ రాగం ఎక్కడ ఆగేదో, ఏ పద్యానికి ఆయన గొంతు జీరపోయేదో ఆవిడకి కాక ఎవరికి తెలుసు? హరికథల నోటుపుస్తకాలో, నాటకాల రాతప్రతులో మీ ఇంట్లో ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. ఆ ట్రంకుపెట్టె తాళంచెవి ఆవిడ చేతికివ్వండి. పక్కన కూర్చుని అడగండి. ఆవిడ చెప్పగలదు.