బూడిద గిట్టని మొక్క

మొక్కకు బూడిద చల్లి, పేడ ఎరువు పెట్టడం తప్పు అని ఎవరైనా చెబితే నేను ఒకప్పుడు నమ్మేదానను కాను. హోసూరు దగ్గర మా పెరటిలో వంగ మొదలు గులాబీ దాకా అన్నిటికీ అదే వైద్యం. ఆ ధీమాతోనే, న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, నా మనుమరాలి మొక్కలకు కీడు చేసినాను.

అవి ఆ పిల్ల పుట్టినరోజుకు కొనిపెట్టించుకొన్న రెండు బ్లూబెర్రీ మొక్కలు. ఈ పండు నేరేడు కంటె చిన్నది, గుండ్రనిది. నీలిరంగు మీద ద్రాక్షకు ఉండేటటువంటి తెల్లని పూత ఉంటుంది. మొక్కలు చిక్కినట్లున్నవని జాలిపడి, చలికాలంలో వాళ్ళు కాల్చిన కట్టెల బూడిదా, సంచులలో అమ్మే పశువుల ఎరువూ వాటి మొదళ్ళలో దండిగా పోసినాను. రెండు నెలలు గడిచేసరికి లేత ఆకులు పసుపు తిరిగినవి. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలినవి. "అమ్మమ్మా, నా మొక్కలకు కామెర్లా?" అని ఆ పిల్ల అడిగితే నాకు జవాబు తోచలేదు.

మట్టిని పరీక్ష చేయించిన తరువాత సంగతి తెలిసినది. బ్లూబెర్రీకి పులుపు నేల కావాలి. ఉదజని సూచిక 4.5కు, 5.5కు నడుమ ఉండాలి. బూడిద ఆ పులుపును విరిచివేస్తుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు దానిని అందుకోలేవు. విస్తరి నిండా అన్నం ఉండీ పస్తు పడుకోవడం వంటిదే ఇది.

ఈ గుట్టును అమెరికా వ్యవసాయ శాఖలోని వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రకటించినాడు. అంతవరకూ ఇది తోటలకు లొంగని అడవిపండే. ఆ పుస్తకం చదివి న్యూజెర్సీలోని ఎలిజబెత్ వైట్ అనే ఆమె 1911లో అతనికి తోడుపడింది. అడవిలో పండ్లు ఏరేవారికి రంధ్రాలు గల కొలబద్ద ఇచ్చి, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల రంధ్రంలో పట్టనంత పండు కాసే పొదలను వెదికించింది. దొరికిన పొదకు వెదికినవాని పేరే పెట్టింది. 1916లో వారి తొలి పంట అంగడికి వచ్చినది.

ఆ దేశంలో ఉన్న మన పిల్లలు ఈ మొక్క పెట్టదలచితే ముందు మట్టిని పరీక్ష చేయించాలి. పులుపు చాలకపోతే గంధకపు పొడి కలపాలి. అది పనిచేయడానికి నెలలు పడుతుంది కనుక నాటడానికి ముందు ఏడే కలపడం మేలు. వేళ్ళు పైపైనే పాకుతవి కాబట్టి లోతుగా తవ్వరాదు, తడి ఆరనీయరాదు, నీరు నిలవనీయరాదు. మొదళ్ళలో రంపపు పొట్టో, దేవదారు జాతి చెట్ల ఆకులో మూడు నాలుగు అంగుళాలు కప్పాలి. మొదటి ఏడు పూత గిల్లివేస్తే మొక్క బలపడుతుంది. రెండు రకాలు పక్కపక్కన ఉంటే కాయ పెద్దదవుతుంది. పండే వేళకు పక్షులకు అందకుండా వల తప్పదు. అక్కడి పెద్ద పొద రకాలకు శీతకాలంలో ఏడు డిగ్రీలకు లోబడిన చలి సుమారు 800 గంటలైనా కావాలి గనుక, మన మైదానపు ఊళ్ళలో వాటికోసం ఆశపడి లాభం లేదు.

మా అమ్మాయి బూడిద ఎత్తి పారబోసి, గంధకం వేసినది. రెండింటిలో ఒక మొక్క దక్కలేదు. రెండవది మరుసటి ఏటికి తేరుకొన్నది. ఆ పైయేడు నేను మళ్ళీ వెళ్ళేసరికి గుత్తులు నీలంగా వేలాడుతున్నవి. కోయబోతే మనుమరాలు నా చెయ్యి పట్టుకొన్నది.

"రంగు రాగానే తీపి రాదు అమ్మమ్మా! ఇంకో వారం ఆగాలి."

ఈసారి చెప్పినమాట విన్నాను.