మీకు తెలుసా? ప్లగ్గు తీసినా పోని విద్యుత్తు

కంప్యూటర్ కుట్టుమిషన్ స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా తీసివేసిన తరువాత కూడా, దాని పవర్ సప్లై బోర్డులో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండగలదు.

ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు క్షణక్షణం దిశ మార్చుకునే ఏకాంతర ప్రవాహం కావడంతో దాని గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులకు చేరుతుంది. బోర్డులోని రెక్టిఫైయర్ దానిని ఒకే దిశలో నడిచే ఏకముఖ ప్రవాహంగా (డీసీ) మార్చగా, విద్యుదావేశాన్ని నిల్వచేసే భాగమైన కెపాసిటర్ దాదాపు ఆ గరిష్ఠ విలువ వరకు నిండుతుంది.

ఈ నిల్వను నెమ్మదిగా ఖాళీ చేయడానికి కెపాసిటర్‌కు సమాంతరంగా బ్లీడర్ అనే నిరోధకాన్ని అమర్చడం పరిపాటి. అది చెడిపోయినా, కెపాసిటర్ తరువాతి భాగాలు పనిచేయకపోయినా, ఆవేశం బయటికి పోయే ఒక దారి మూసుకుపోతుంది కనుక, పూర్తిగా పనిచేయని బోర్డే మరమ్మతు చేసేవారికి ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

అందుకే సర్వోమోటారుతో నడిచే పారిశ్రామిక మిషన్ల సూచన పుస్తకాలు, విద్యుత్తు ఆపి సాధారణంగా 5 నిమిషాలు లేదా అంతకు మించి ఆగిన తరువాతే కంట్రోల్ బాక్స్ మూత తెరవాలని హెచ్చరిస్తాయి. కెపాసిటర్ కొనలను స్క్రూడ్రైవరుతో కలిపితే నిప్పురవ్వలు ఎగసి, చిప్పులు సైతం దెబ్బతినే అవకాశం ఉన్నందున, నిపుణులు మల్టీమీటరును డీసీ వోల్టేజి స్థానంలో ఉంచి కొలిచి, మిగిలిన ఆవేశాన్ని తగిన నిరోధకం ద్వారా ఖాళీ చేసి, మరల కొలిచి నిర్ధారించుకున్న పిదపనే బోర్డును ముట్టుకుంటారు.