పాఠశాలల్లో పిల్లల ప్రాణరక్షణ – నిర్వాహకుల బాధ్యత

ఉదయం బడికి వెళ్ళిన పిల్లవాడు సాయంత్రం క్షేమంగా ఇంటికి వస్తాడని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. దూరప్రాంతపు మదర్సాకు పంపినవారైతే పండుగ సెలవుల దాకా, నెలల తరబడి, ఆ నిశ్చింతతోనే ఉంటారు. దీనికి ఆధారం సంస్థ మీద వారికున్న నమ్మకం. ఇస్లామీ పరిభాషలో పిల్లవాడు ఆ సంస్థ చేతిలో ఒక అమానత్. అతని చదువుకు, భోజనానికి, నడవడికకు తాము జవాబుదారులమని నిర్వాహకులందరూ ఒప్పుకుంటారు. అతని ప్రాణానికి కూడా జవాబుదారులమన్న సంగతి మాత్రం తరచుగా ఏదైనా ఘోరం జరిగిన తర్వాతనే గుర్తుకు వస్తుంది. అగ్నిప్రమాదం, భూకంపం వంటి ఆపదలకు పాఠశాలలు, ముఖ్యంగా వసతి ఉన్న మదర్సాలు, ముందుగా ఎలా సిద్ధపడాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

జరిగిన దుర్ఘటనలు

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాలలో 94 మంది చిన్నారులు మంటలకు బలయ్యారు. మధ్యాహ్న భోజనం వండే పాకలో లేచిన మంట పై అంతస్తు తరగతి గదుల పూరికప్పుకు అంటుకున్నది. గదులు ఇరుకు, పిల్లలు ఎక్కువ. దిగి రావలసిన మెట్లు కూడా ఇరుకే.

అంతకు రెండేళ్ళ ముందు, 2002 మార్చి 11న, పవిత్ర మక్కా నగరంలో ఒక బాలికల పాఠశాలలో నిప్పంటుకుని 15 మంది విద్యార్థినులు మరణించారు. ఆ భవనంలో పరిమితికి మించి బాలికలున్నారనీ, అత్యవసర ద్వారాలు, మంటలార్పే సామగ్రి సరిగా లేవనీ ఆ తర్వాత బయటపడింది. ఆ దేశ ప్రజల్లో తీవ్రమైన ఆవేదన చెలరేగింది. అదే నెలలో బాలికల విద్యా వ్యవహారాలను విద్యా మంత్రిత్వ శాఖ కిందికి మార్చారు.

2017 సెప్టెంబరు 14న, తెల్లవారక ముందు, మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో ఖుర్ఆన్ కంఠస్థం చేయించే ఒక మదర్సాలో మంటలు లేచాయి. పై అంతస్తులో నిద్రిస్తున్న విద్యార్థులు, వారితో ఉన్న పెద్దలు కలిసి 23 మంది మరణించారు. బయటపడే దారి మంటలతో మూసుకుపోయింది. కిటికీలకు ఇనుప చువ్వలు ఉన్నాయి. బయటి కుర్రాళ్ళు కొందరు నిప్పు పెట్టారని దర్యాప్తులో తేలింది.

హర్యానాలోని డబ్వాలీలో 1995 డిసెంబరు 23న ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతూ ఉండగా షామియానా అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలే ఎక్కువ. మన మదర్సాల వార్షిక జల్సాలు, దస్తార్‌బందీ సభలు కూడా షామియానాల కిందనే జరుగుతాయి కనుక ఈ సంఘటన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

ఈ నాలుగింటిలో నిప్పు పుట్టిన కారణాలు వేరువేరు. ఒకచోట వంటపాక, మరొకచోట దుండగుల చేతులు. నిప్పు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేత పుడుతుందో ఏ నిర్వాహకుడూ పూర్తిగా అదుపు చేయలేడు. కాని పిల్లలు బయటికి వచ్చే దారి తెరచి ఉన్నదా లేదా అన్నది మాత్రం సంపూర్ణంగా అతని చేతిలోనే ఉన్నది. ప్రాణనష్టాన్ని పెంచేది తరచుగా ఈ రెండవ విషయమే.

ఇంకొక సంగతి. అగ్నిప్రమాదాలలో ఎక్కువమంది కాలి చనిపోరు, పొగకు చనిపోతారు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు దాన్ని పీల్చి లేవకుండానే స్పృహ తప్పుతాడు. అందుచేత పగటి బడికంటె రాత్రి వసతి గృహానికి ప్రమాదం ఎక్కువ.

తవక్కుల్‌కు ఇది విరుద్ధమా?

“రాసిపెట్టి ఉన్నది జరగక మానదు, ఈ ఏర్పాట్లన్నీ దేనికి?” అనేవారు మనలో ఉన్నారు. ఈ మాట భక్తిలా వినిపిస్తుంది కాని దైవప్రవక్త (స) చూపిన మార్గం ఇది కాదు.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు, అందులోని వారు ఉండగానే, కాలిపోయిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) నిప్పు మనిషికి శత్రువని హెచ్చరించి, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయమని ఆదేశించారు. గమనించండి, ఒక ఇంట్లో జరిగిన ప్రమాదం నుండి ఊరందరికీ వర్తించే జాగ్రత్త ఒకటి నిర్ణయమైంది. పిట్టగోడ లేని డాబా మీద నిద్రించేవాడి విషయంలో కూడా ఆయన గట్టిగా మందలించినట్లు అబూ దావూద్‌లో ఉన్నది. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్న తిర్మిజీ హదీసు మనలో తెలియనివారు లేరు.

హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ ఒక విధి నుండి మరో విధి వైపుకే వెళుతున్నామన్న భావంతో ఆయన సమాధానమిచ్చారు. జాగ్రత్త కూడా విధిలో భాగమేనని దీని సారాంశం.

షరీఅత్ కాపాడదలచిన అయిదు మౌలిక ప్రయోజనాలలో ప్రాణరక్షణ ఒకటని ఇమామ్ గజాలీ వంటి పండితులు వివరించారు. అనివార్య పరిస్థితి నిషేధాలను సడలిస్తుందన్నది ఫిఖ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. బాలికల మదర్సాలు నడిపేవారు ఈ రెండింటినీ కలిపి ఆలోచించాలి. పర్దా కోసం బయటినుండి తాళం వేసే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. పర్దాకు గోడ చాలు, లోపలి గడియ చాలు, ద్వారం వద్ద నమ్మకమైన మహిళా వార్డెన్ చాలు. లోపలి వారు తమంతట తాము తెరవలేని తాళం ఏ సంస్థలోనూ ఉండకూడదు. మంట లేచినప్పుడు బాలిక తల మీద దుపట్టా ఉన్నదా అని కాదు, ఆమె బయటపడిందా అని చూడాలి.

భవనంలో చూడవలసినవి

ప్రతి అంతస్తు నుండి, ప్రతి పడకగది నుండి బయటపడటానికి ఒకదానికొకటి దూరంగా రెండు దారులుండాలి. ఒకటి మంటలో మూసుకుపోతే రెండవది మిగలాలి. పెద్ద గదుల తలుపులు బయటికి తెరచుకోవాలి. గుంపు ఒక్కసారిగా నెట్టుకుని వస్తే లోపలికి తెరచుకునే తలుపును ఎవరూ తీయలేరు.

కిటికీ చువ్వలు దొంగల భయంతో పెట్టుకున్నవి. గదికి ఒక కిటికీకైనా లోపలినుండి తాళంచెవి లేకుండా తెరచుకునే ఇనుప రెక్క బిగించాలి. ఊరి వెల్డింగు పనివాడు ఒక పూటలో చేయగల పని ఇది.

మెట్ల కింద, వరండాలో పాత బల్లలు, బియ్యం బస్తాలు, పరుపులు పేర్చే అలవాటు మానాలి. మెట్లు నడవడానికే ఉండాలి. వంటగది పడకగదులకు, తరగతులకు ఎడంగా ఉండాలి. గ్యాసు బండ గాలి ఆడేచోట నిలువుగా ఉండాలి. రబ్బరు గొట్టం పగుళ్ళు వారకముందే మార్చాలి. పాతబడిన వైర్లను, ఒకే ప్లగ్గుకు అయిదారు తగిలించిన తీగలను ఎలక్ట్రీషియన్‌తో ఏటా పరీక్ష చేయించాలి. పడకగదుల్లో బ్యాటరీతో పనిచేసే పొగ అలారం పెడితే నిద్రిస్తున్న పిల్లలు సకాలంలో లేస్తారు.

పొడి నింపిన మంటలార్పే సిలిండరు వంటగది బయట, ప్రతి అంతస్తు మెట్ల దగ్గర ఉండాలి. దాని మీటరు ముల్లు పచ్చగీతలో ఉన్నదా అని నెలకొకసారి చూడాలి. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిచేసి, పిడి నొక్కి, అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. ఉస్తాదులు, వంటవారు, కావలివాడు అందరికీ ఇది చేతనై ఉండాలి. నూనె మంటమీద, కరెంటు మంటమీద నీళ్ళు పోయకూడదు.

భూకంపం మన ప్రాంతానికి సంబంధించినది కాదని అనుకోరాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో భూమి కంపించింది. 2005 అక్టోబరు 8న, రమజాన్ మాసంలో, ఉదయం తరగతులు జరుగుతున్న వేళ కాశ్మీర్‌లో వచ్చిన భూకంపానికి పాకిస్తాన్ పాలనలోని ప్రాంతాల్లో పాఠశాలలు కూలి వేలాది పిల్లలు మరణించారు. బలహీనంగా కట్టిన గోడలు, కప్పులు వారి మీద పడ్డాయి. కనుక చందాలు సమకూరినప్పుడల్లా పాత పునాది మీద ఇంకో అంతస్తు వేసే ముందు ఇంజనీరు మాట తప్పక తీసుకోవాలి. భూమి కంపిస్తున్నప్పుడు పిల్లలు బల్ల కిందికి చేరి తల కాపాడుకోవాలి. కంపం ఆగిన తర్వాతనే వరుసగా బయటికి రావాలి.

అభ్యాసం ఎందుకు?

దారులు ఉంటే సరిపోదు, కాళ్ళకు ఆ దారి అలవాటు కావాలి. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు కమైషి పట్టణంలో బడిలో ఉన్న దాదాపు మూడు వేలమంది పిల్లలు బ్రతికి బయటపడ్డారు. ముందుగా చేయించిన అభ్యాసం వల్ల పెద్ద పిల్లలు చిన్నవారి చేతులు పట్టుకుని ఎత్తైన చోటికి పరుగెత్తారు. ఆ చోటు కూడా చాలదని తోచి ఇంకా పైకి వెళ్ళారు. అదేరోజు ఇషినోమాకి పట్టణంలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు నీటి పాలయ్యారు. బడి వెనుకనే కొండ ఉన్నది. అయినా ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించలేక సుమారు 50 నిమిషాలు బడి ఆవరణలోనే గడచిపోయాయి. ముందుగా తగిన ప్రణాళిక లేకపోవడం పాఠశాల, విద్యాధికారుల తప్పేనని న్యాయస్థానం ఇచ్చిన తీర్పు 2019లో ఖరారైంది. ఆపద వచ్చిన తర్వాత ఆలోచించుకుందామంటే కుదరదని ఈ రెండు బడులు చెబుతున్నాయి.

అభ్యాసం చేయించే పద్ధతి సులభం. పాఠాల గంటకు భిన్నంగా, ఆగకుండా మోగే గంటను ప్రమాద సూచనగా నిర్ణయించాలి. కరెంటు పోయినా పనిచేసేది చేతిగంట. గంట వినగానే పుస్తకాలు, చెప్పులు వదలి వరుసగా బయటికి నడవాలి. పొగ ఉంటే నేలకు వంగి పాకుతూ రావాలి. ఉస్తాద్ హాజరు పట్టీ తీసుకుని చివర బయటికి రావాలి. ముందే నిర్ణయించిన మైదానంలో ఒక్కొక్కరి పేరు పిలిచి లెక్క సరిచూడాలి. నడవలేని, చూపు లేని పిల్లలకు, మరీ చిన్నవారికి తోడుగా ఒక్కొక్క పెద్ద విద్యార్థిని నియమించాలి. బయటికి వచ్చినవారెవరూ సామాను కోసం తిరిగి లోపలికి పోరాదు. 112కు గాని, అగ్నిమాపక దళానికి 101కి గాని, అంబులెన్సుకు 108కి గాని ఫోను చేసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి.

మదర్సాలలో కొత్త విద్యార్థులు షవ్వాల్‌లో చేరుతారు. కనుక మొదటి అభ్యాసం షవ్వాల్‌లోనే జరగాలి. ఏడాదిలో ఒకసారైనా రాత్రి, పిల్లలు పడకల మీద ఉన్నప్పుడు చేయించాలి. ఏటా ఏప్రిల్ 14 నుండి అగ్నిమాపక వారోత్సవం జరుగుతుంది. స్థానిక స్టేషను వారిని అడిగితే వచ్చి చూపిస్తారు. దీనివల్ల పిల్లలు భయపడతారన్న అనుమానం అక్కరలేదు. ఏం చేయాలో తెలిసిన పిల్లవాడికి భయం తగ్గుతుంది.

చట్టం, ఖర్చు

కుంభకోణం దుర్ఘటన నేపథ్యంలో వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెబుతూ, పిల్లల విద్యాహక్కులో సురక్షితమైన పాఠశాల కూడా భాగమేనని స్పష్టం చేసింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాలల భద్రతపై మార్గదర్శకాలు వెలువరించింది. 2012 సవరణ ప్రకారం విద్యాహక్కు చట్టం మదర్సాలకు వర్తించదు. ఈ మినహాయింపు వల్ల మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. పైవారు వచ్చి తనిఖీ చేయనిచోట కమిటీయే తనను తాను తనిఖీ చేసుకోవాలి.

చందాలతో నడిచే సంస్థకు ఇంత ఖర్చు ఎక్కడిదని అడుగవచ్చు. మెట్లమీది సామాను తీయడానికి, తాళం పద్ధతి మార్చడానికి, గంట మోగించి పిల్లలను నడిపించడానికి ఖర్చు లేదు. మిగిలిన వాటికి దాతలను అడగవచ్చు. మినారుకు, కార్పెట్లకు ఇచ్చే చేతులు రెండవ మెట్లదారికి కూడా ఇస్తాయి, అది కూడా సవాబు పనేనని వారికి వివరించి చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు ఫీజు, భోజనం గురించి అడిగినట్లే, రాత్రి పడకగది తలుపు ఎవరు తెరుస్తారని అడగండి. కమిటీ సభ్యులు ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఆ గదికి వెళ్ళి, దీపాలు ఆర్పి, చేతిలో తాళంచెవి లేకుండా బయటికి రావడానికి ప్రయత్నించాలి. రాలేకపోతే మరునాడే ఆ లోపాన్ని సరిచేయించాలి.